తిన్నని సాలు వంకరగా కనబడినచో

మిరపనారు నాటు దినములలో జరిగిన యొక సంగతితో ఈ వ్యాసము నారంభించెదను. సాళ్లు తీర్చుటకై చేను ఈ గట్టునుండి ఆ గట్టువరకు తాడు లాగి, మేకులు దిగగొట్టి, నాటువారికి దారి చూపుచుంటిని. చేని యజమాని అరువదియేండ్లు దాటిన పెద్దమనిషి. ఆయన గట్టుమీద నిలిచి కొంతసేపు చూచి, "ఏమయ్యా, తాడు అట్లా వంకరగా లాగావేం?" అని అడిగెను. "తిన్నగానే ఉందండీ, పెదనాన్నగారూ" అని నేనంటిని. ఆయన నమ్మలేదు. ఎడమకన్ను చేతితో మూసికొని చూడగా తాడు నడుమ మెలిక తిరిగినట్లు కనబడెనట. కుడికన్ను మూసికొని చూడగా అదే తాడు తిన్నగా నుండెను.

"కంట్లో పొర వస్తున్నట్టుందండీ. ముదిరాక తీయించుకుంటే సరిపోతుంది" అని నేను తెలిసినవానివలె సలహా చెప్పితిని. ఆయనయు సరేననెను. మిరపకోతలు ముగిసి, కాయ కళ్లములో ఎండి, గుంటూరు యార్డుకు చేరిన పిమ్మటగాని ఆయన ఆసుపత్రికి పోలేదు. అప్పటికి ఆరు నెలలు దాటినవి. అది శుక్లము కాదనియు, కంటి వెనుకపొర నడుమ రక్తము చిమ్మి మచ్చ కట్టినదనియు, కుడికంటి నడిచూపు ఇక తిరిగి రాదనియు డాక్టరు చెప్పెను. తొలివారములలోనే వచ్చియున్నచో చూపును చాలవరకు నిలిపియుండవచ్చునని కూడ చెప్పెను.

ఆ మాట ఆయనకంటె నాకే ఎక్కువగా తగిలినది. ఆకుమీద తెగులుమచ్చ కనబడిన దినముననే చెప్పవలెనని ఊరూర చాటువాడను. అట్టి నేను కంటిలోని తొలిగుర్తును పోల్చుకొనజాలక ఆయన కాలమును పోగొట్టితిని. మన సంఘ సభ్యులలో మరియొకరికి ఇట్టి నష్టము కలుగకుండవలెనను తలంపుతో, పెద్దల వైద్యగ్రంథములనుండియు పరిశీలనలనుండియు తెలిసికొన్న సంగతులను ఇచ్చట వ్రాయుచున్నాను.

వ్యాధి యెట్టిది

కంటి ముందుభాగమున, నల్లగ్రుడ్డు వెనుక, వెలుతురును ఒకచోటికి చేర్చు కటకము కలదు. అది మసకబారుటయే శుక్లము. దానిని తీసి వేరొక కటకము నమర్చినచో చూపు వచ్చును. ఇప్పుడు చెప్పబోవు వ్యాధి అచ్చటిది కాదు. కంటి వెనుకగోడకు లోపలివైపున రెటీనా యను పలుచని పొర పరచియున్నది. దాని నడిబొడ్డున సుమారు 5 మిల్లీమీటర్ల వెడల్పుగల పసుపుపచ్చని తావు కలదు. దీనికి మాక్యులా యని పేరు. ఎదుటివాని ముఖమును గుర్తించుట, సూదిలో దారమెక్కించుట, మేలుకాయలోనుండి తాలుకాయ నేరుట, పురుగుమందు డబ్బాపైని చిన్న అక్షరములు చదువుట, పాసుపుస్తకములోని అంకెలు సరిచూచుకొనుట, ఇవన్నియు ఆ చిన్న తావు చేయు పనులే. రెటీనాయందలి మిగిలిన భాగము ప్రక్కచూపునకు మాత్రమే ఉపయోగించును.

మాక్యులాలోని కణములు వెలుతురును గ్రహించుచు నిత్యము అరుగుచు, అరిగిన కొనలను రాల్చుచుండును. వానిక్రింద నున్న మరియొక పొర ఆ చెత్తను ఎప్పటికప్పుడు తీసివేయుచు, రక్తనాళములనుండి ప్రాణవాయువును ఆహారమును పైకందించుచుండును. నల్లరేగడి చేనిలో మురుగుకాలువ పూడినచో ఏమగునో మనకు తెలియును. నీరు నిలిచి, వేళ్లకు గాలి యాడక, పైరు పండబారును. కంటిలోను అట్లే జరుగును. వయసు మీరినకొలది ఆ క్రిందిపొర పని మందగించి, చెత్త పేరుకొని, పసుపుపచ్చని చుక్కలుగా ఏర్పడును. వీనికి డ్రూసెన్ అని పేరు. ఈ తొలిదశలో నొప్పి యుండదు. చూపులో లోపము కూడ తరచుగా తెలియదు. డాక్టరు కంటిలో మందు వేసి, నల్లగ్రుడ్డు నడిమి రంధ్రము విశాలమైన పిమ్మట లోపల చూచినప్పుడే ఇది బయటపడును.

అటుపిమ్మట వ్యాధి రెండు విధములుగా ముదురును. మొదటిది పొడి రకము. ఇందులో మాక్యులాలోని కణములు చవుడు తిన్న మళ్లవలె మెల్లగా, సంవత్సరముల తరబడి, చచ్చుచుండును. రెండవది తడి రకము. ఇందులో క్రిందినుండి పనికిమాలిన కొత్త రక్తనాళములు మొలచి, బలహీనమైన కట్టకు గండి పడినట్లు, నీరును రక్తమును పైపొరలోనికి చిమ్మును. పొడి రకమే హెచ్చుమందికి వచ్చును. తడి రకము పదిమంది రోగులలో ఒకరిద్దరికి మాత్రమే వచ్చును. కాని చూపు గట్టిగా దెబ్బతిను సందర్భములలో హెచ్చుభాగము ఈ తడి రకమువలననే. మన పెద్దమనిషికి వచ్చినది ఇదియే. పొడి రకము సంవత్సరములలో చేయు నష్టమును ఇది వారములలో చేయును.

ఈ వ్యాధివలన మనిషి బొత్తిగా చీకటిపాలు కాడు. ప్రక్కచూపు మిగులుటచే గట్టువెంబడి నడువగలడు, వాకిలి దాటగలడు. కాని ఎదురుగా వచ్చునది కొడుకో పాలేరో పోల్చలేడు. చేతిలోని నోటు విలువ తెలియదు. చుట్టును కనబడుచు, చూడదలచినది మాత్రమే కనబడకపోవుట దీని స్వభావము. అందుచేతనే ఇంటివారు, "నడుస్తూనే ఉన్నాడు గదా, కనబడదంటాడేమిటి?" అని ముసలివారిని శంకించుటయు కలదు. ఆ శంక న్యాయము కాదు.

ఆంధ్రదేశములో జరిగిన పరిశీలన

ఇది సీమదేశములవారి వ్యాధి యనియు, మన ఎండలలో పనిచేయువారికి శుక్లము తప్ప మరియొకటి రాదనియు కొందరు తలంతురు. అది పొరపాటు. 1996 మొదలు 2000 వరకు హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్రవైద్య సంస్థవారు ఆంధ్రప్రదేశ్ నేత్రవ్యాధుల పరిశీలన యను గొప్ప కార్యమును జరిపిరి. హైదరాబాదు నగరమునందును, పశ్చిమ గోదావరి, ఆదిలాబాదు, మహబూబునగరు జిల్లాల గ్రామములందును మొత్తము 10,293 మంది కన్నులను పరీక్షించిరి. వారిలో 40 ఏండ్లును అంతకు మించియు వయసుగలవారు 3,723 మంది. ఈ వ్యాధి 71 మందిలో కనబడెను. వయసు, స్త్రీపురుష భేదము, ప్రాంతము మొదలగువానికి తగినట్లు సవరించి లెక్కించగా నూటికి 1.82 వంతు తేలినది. ఈ ఫలితములు 2005లో ప్రకటింపబడినవి.

మన గుంటూరు, ప్రకాశము మెట్టలు ఆ పరిశీలనలో చేరలేదు. అయినను అదే లెక్క నిచ్చట వర్తింపజేసినచో, 40 ఏండ్లు దాటిన సభ్యులు వేయిమంది గల సంఘములో సుమారు 18 మందికి ఈ వ్యాధి ఏదో యొక దశలో ఉండవలెను. వారిలో ఎందరికి ఆ సంగతి తెలియునో మనమే ఆలోచింపవచ్చును.

ఆ పరిశీలనలో వ్యాధితో సంబంధము గలవిగా తేలిన కారణములు మనము మనసుపెట్టి వినదగినవి. 60 ఏండ్లు దాటినవారిలో వ్యాధి యుండు అవకాశము చిన్నవారిలోకంటె సుమారు మూడున్నర రెట్లుండెను. చుట్ట త్రాగు అలవాటు చిరకాలము గలవారిలో ఆ అవకాశము, అలవాటు లేనివారిలోకంటె, మూడు రెట్లకు మించియుండెను. శుక్లము గలవారిలోను, శుక్లమునకు ఆపరేషను చేయించుకొన్నవారిలోను కూడ వ్యాధి హెచ్చుగా కనబడెను. ఈ కడపటి మాట విని శుక్లపు ఆపరేషనుకు వెనుదీయరాదు. రెండును ముసలితనమున వచ్చునవే. ఒకచోట కనబడినంతమాత్రమున ఒకటి మరియొకదానికి కారణమని చెప్పుటకు వీలులేదు. ఆపరేషనువలన ఈ వ్యాధి ముదురునని తరువాత అమెరికాలో జరిగిన పరిశీలనలో స్పష్టముగా రుజువు కాలేదు. శుక్లమును తీయించుకొనవలసినదే. అయితే తీయించుకొన్న తరువాతను చూపు నడుమ మసకగా నున్నచో, రెటీనాను చూడుడని డాక్టరును అడుగవలెను.

మన చేతిలో లేనివి, ఉన్నవి

వయసు మన చేతిలో లేదు. వంశమును మన చేతిలో లేదు. తలిదండ్రులలోగాని తోడబుట్టినవారిలోగాని ఈ వ్యాధి యున్నచో మనకును వచ్చు అవకాశము కొన్ని రెట్లు హెచ్చును. దీనికి సంబంధించిన జన్యువులలో ముఖ్యమైన దానిని 2005లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. కాబట్టి "మా నాయనకు కడపట మొహాలు ఆనేవి కావు" అని చెప్పు ఇండ్లవారు 50 ఏండ్లు నిండగనే కన్నులు చూపించుకొనుట మంచిది.

విత్తనపు గుణము మార్చలేకపోయినను, నేలను, నీటిని, యాజమాన్యమును మార్చి పంటను దక్కించుకొనుట మనకు తెలిసిన విద్యయే. కంటివిషయమునను మనము మార్చదగినవి కలవు. వానిలో మొదటిది పొగ.

చుట్ట, బీడీ, సిగరెట్టు

పొగాకు మన ప్రాంతమునకు అన్నము పెట్టిన పంట. 1920ల నాటినుండి వర్జీనియా పొగాకు ఈ నేలలలో వ్యాపించినది. పొగాకు బోర్డు 1976లో ఏర్పడినప్పుడు దాని ముఖ్య కార్యాలయమునకు గుంటూరే తావైనది. ఒంగోలు, టంగుటూరు, కొండపి, పొదిలి వేలములతో ముడివడిన కాపురము లెన్నియో కలవు. పంటను నిందించుట ఈ వ్యాసము పని కాదు. ఆకును అమ్ముకొనుట వేరు, దానిని కాల్చి పొగను ఊపిరితిత్తులలోనికి దింపుట వేరు.

సిగరెట్టు ఊపిరితిత్తులకు చెరుపనియు, చుట్ట మన నేలలోని వస్తువు గనుక అంత చెరుపు చేయదనియు పెద్దలు సమాధానము చెప్పుకొందురు. పైని చెప్పిన పరిశీలనలో వ్యాధితో జతగా తేలినది ఆ చుట్టయే యని మరువరాదు. ఇతర దేశములలో సిగరెట్టు త్రాగువారిని పరిశీలించగా, త్రాగనివారికంటె రెండు మొదలు నాలుగు రెట్లవరకు అపాయము హెచ్చుగా కనబడినది. పొగ రక్తములోనికి చేరి, కణములను కాచు పోషకములను తరిగించును. సన్నని రక్తనాళములను చెరుచును. మాక్యులా క్రిందిపొర అసలే చెత్త తీయజాలక అలసియున్న కాలమున, పొగ పూడికపై మరియొక తట్ట పూడిక పోసినట్లగును.

"అరవై ఏళ్లు కాల్చాను, ఇప్పుడు మానితే ఏం లాభం?" అని అడుగువారికి ప్రత్యుత్తరము కలదు. పొగ మానినవారిలో అపాయము ఏటికేడు తగ్గుచువచ్చును. మాని 20 సంవత్సరములు దాటినవారికి, ఎన్నడును త్రాగనివారికంటె హెచ్చు అపాయము లేదని ఇంగ్లండు పరిశీలన యొకటి తేల్చినది. ఒక కంటికి వ్యాధి వచ్చినవానికి రెండవకంటిని కాచుకొనుటకై మానుట మరింత అవసరము. ఇంటిలో ఒకరు కాల్చిన పొగను మనుమలు, కోడళ్లు పీల్చుచుందురని కూడ గుర్తుంచుకొనవలెను.

ఆహారము

మాక్యులా పసుపుపచ్చగా నుండుటకు కారణము లూటీన్, జియాజాంథిన్ అను రెండు వర్ణపదార్థములు. ఇవి తీక్ష్ణమైన నీలివెలుతురును వడకట్టి కణములను కాచును. శరీరము వీనిని స్వయముగా తయారుచేసికొనజాలదు, ఆహారమునుండియే రావలెను. ముదురాకుపచ్చని ఆకుకూరలలో లూటీన్ విస్తారముగా కలదు. తోటకూర, మునగాకు, పాలకూర, బచ్చలి, పొన్నగంటికూర, గోంగూర, ఇవి డబ్బు పోసి కొనవలసినవి కావు. గట్టుమీదను దొడ్డిలోను పెరుగునవే. మొక్కజొన్నయందును కోడిగ్రుడ్డు పచ్చసొనయందును రెండు పదార్థములును కలవు. మందుల కంపెనీలవారు లూటీనును తీయునది మన గుమ్మములకు కట్టు బంతిపూవునుండియే యని వినినచో ఆశ్చర్యము కలుగవచ్చును. మన ఎర్రమిరపకాయలోను జియాజాంథిన్ కలదు. కాని ఘాటు కారణమున దానిని కూరవలె తినలేము గనుక కారమును నమ్ముకొని ఆకుకూరను మానరాదు.

ఈ వర్ణపదార్థములు కొవ్వులో కరగునవి. కాబట్టి ఆకుకూరను పప్పుతో వండి కొంచెము నూనెతో తాలింపు పెట్టుకొను మన వాడుక సరియైనదే. గోంగూర కూరగా పప్పుగా మంచిది. ఏడాది నిలువయుండు పచ్చడిగా మాత్రము ఉప్పు ఎక్కువ గనుక రక్తపోటు గలవారు మితముగా తినవలెను. చీరాల, బాపట్ల తీరమున చేపలు దొరకుచున్నవి; వారమునకు ఒకటిరెండుమార్లు చేప తినువారిలో ఈ వ్యాధి తక్కువగా కనబడినట్లు పలు పరిశీలనలు చెప్పుచున్నవి. పండ్లు, పప్పులు, కూరలు దండిగా తినుట, కాచిన నూనెలోనే మరల మరల వేచిన పదార్థములను తగ్గించుట గుండెకును కంటికిని మేలు.

రక్తపోటు, అధికమైన బరువు, రక్తములో చెడు కొవ్వు, ఇవియు వ్యాధికి తోడ్పడునవిగా లెక్కింపబడుచున్నవి. ట్రాక్టరు, మోటారుసైకిలు వచ్చిన తరువాత మన నడక తగ్గినది. చేనిచుట్టు ఒక మారు కాలినడకన తిరిగి వచ్చుట పంటకును ఒంటికిని మేలు చేయును.

ఎండ, మిరపఘాటు, పురుగుమందు

ఎండవలన ఈ వ్యాధి వచ్చునా యను ప్రశ్న మనకు సహజము. అమెరికాలో చెసపీక్ అఖాతముపై చేపలు, పీతలు పట్టి జీవించు 838 మందిని పరిశీలించగా, ఎండలోని అతినీలలోహిత కిరణములకు శుక్లముతో సంబంధము 1988లో తేలినది. మాక్యులా వ్యాధికి ఆ కిరణములతో సంబంధము కనబడలేదు గాని, ముదిరిన వ్యాధి గలవారు అంతకుముందటి 20 ఏండ్లలో నీలివెలుతురును హెచ్చుగా ఎదుర్కొన్నట్లు 1992లో ప్రకటించిరి. ఇతర పరిశీలనల ఫలితములు ఒక తీరుగా లేవు. అయినను, తలపాగగాని అంచు వెడల్పుగల టోపీగాని, ఎండ అద్దములుగాని ధరించుటవలన నష్టమేమియు లేదు. శుక్లమునుండి కొంత రక్షణ నిశ్చయముగా కలుగును.

మిరపఘాటువలన కండ్లు పోవునని భయపడువారు కలరు. కళ్లములో కాయ తిరుగవేయునప్పుడు కలుగు మంట కంటి ముందుభాగమునకు సంబంధించినది. వెనుకనున్న మాక్యులాకు దానివలన చెరుపు కలుగునని చెప్పుటకు ఆధారము లేదు. మంట కలిగినప్పుడు శుభ్రమైన నీటితో కడుగుకొనిన చాలును.

పురుగుమందుల సంగతి వేరు. అమెరికాలో అయోవా, ఉత్తర కెరొలినా రాష్ట్రములలో మందులు కొట్టు సేద్యగాండ్రను, వారి భార్యలను ఏండ్ల తరబడి పరిశీలించుచున్నారు. కొన్ని ఆర్గానోక్లోరిన్, ఆర్గానోఫాస్ఫేటు మందులు వాడినవారిలో మాక్యులా వ్యాధి హెచ్చుగా కనబడినట్లు 2017లో వెల్లడించిరి. ఇది కడపటి తీర్పు కాదు. ఇంకను రుజువు కావలసియున్నది. కాని పత్తికిని మిరపకును మనము కొట్టు మందుల సంఖ్యను తలంచుకొన్నచో ఈ హెచ్చరికను తేలికగా తీసికొనరాదు. గాలికి ఎదురుగా నిలిచి కొట్టకుండుట, కండ్లకు అద్దములును ముఖమునకు గుడ్డయు కట్టుకొనుట, చేతితో మందు కలుపకుండుట, అవసరము లేని మందు కొట్టకుండుట, ఇవన్నియు ఇతర కారణములచేతను పాటింపవలసినవే.

మాత్రలను గూర్చి

మందులషాపులలో కంటిమాత్రలని అమ్మునవి పలువిధములు. వీనికి మూలమైన పరిశీలన అమెరికాలో జరిగి 2001లో ప్రకటింపబడినది. విటమిన్ సి, విటమిన్ ఇ, బీటాకెరొటిన్, జింకు, రాగి కలిసిన మాత్రలవలన, వ్యాధి మధ్యదశకు వచ్చినవారిలోను, ఒక కంటికి ముదిరినవారిలోను, ఐదేండ్లలో అది ముదురు అవకాశము నూటికి 25 వంతులు తగ్గెను. వ్యాధి లేనివారికి రాకుండ ఆపునని మాత్రము తేలలేదు. అందుచేత ఆరోగ్యముగా నున్నవారు వీనిని కొనుట డబ్బు దండుగ.

పొగత్రాగువారు మరియొక సంగతి గుర్తుంచుకొనవలెను. ఫిన్లాండులో పొగత్రాగు 29,133 మంది పురుషులపై జరిగిన పరీక్షలో, బీటాకెరొటిన్ తినినవారిలో ఊపిరితిత్తుల పుట్టకురుపు హెచ్చుగా వచ్చినట్లు 1994లో తేలినది. కాబట్టి 2013లో ముగిసిన రెండవ అమెరికా పరిశీలనలో బీటాకెరొటినుకు బదులు 10 మిల్లీగ్రాముల లూటీనును, 2 మిల్లీగ్రాముల జియాజాంథినును చేర్చిరి. చుట్ట త్రాగువాడుగాని, మానినవాడుగాని బీటాకెరొటిన్ గల మాత్రను వాడరాదు. ఏ మాత్రయైనను డాక్టరు చెప్పిన పిమ్మటనే వాడవలెను.

ఇంటివద్ద చేసికొనదగిన పరీక్ష

మార్క్ ఆమ్‌స్లర్ అను స్విట్జర్లాండు నేత్రవైద్యుడు గళ్లకాగితముతో చేయు సులభమైన పరీక్ష నొకదానిని వాడుకలోనికి తెచ్చెను. పలకమీదనో కాగితముమీదనో మనమే దానిని తయారుచేసికొనవచ్చును.

1. పదేసి సెంటీమీటర్ల చదరమును గీసి, అరసెంటీమీటరున కొక గీత చొప్పున నిలువుగను అడ్డముగను గీయవలెను. నట్టనడుమ ఒక చుక్క పెట్టవలెను.

2. చదువు అద్దములున్నవారు వానిని పెట్టుకొని, మంచి వెలుతురులో, కాగితమును కంటికి సుమారు 30 సెంటీమీటర్ల దూరమున నుంచవలెను.

3. ఒక కన్ను పూర్తిగా మూసి, రెండవ కంటితో నడిచుక్కనే చూడవలెను. చూపును చుక్కమీదినుండి తీయకయే, గీత లన్నియు తిన్నగా నున్నవా, ఎక్కడైన వంకరపోయినవా, మసకబారినవా, గళ్లు కొన్ని మాయమైనవా యని గమనింపవలెను.

4. తరువాత రెండవకంటికి కూడ అట్లే చేయవలెను.

రెండు కన్నులును తెరచి చూచుట ఈ పరీక్షలో పెద్ద పొరపాటు. ఒక కంటి లోపమును రెండవకన్ను కప్పిపుచ్చును. మన పెద్దమనిషికి కుడికన్ను ఎప్పటినుండి చెడుచున్నదో తెలియకపోవుటకు కారణ మిదియే. కాగితము లేనిచో తలుపుచట్రము, కరెంటుస్తంభము, పత్తి సాలు, ఏదైన తిన్నని గీత చాలును. 50 ఏండ్లు దాటినవారు వారమున కొకమారు దీనిని చేసికొనవలెను. అయితే ఈ పరీక్షలో లోపము కనబడనంతమాత్రమున వ్యాధి లేదని నిశ్చయింపరాదు. తొలిదశ దీనికి చిక్కదు గనుక ఏటి కొకమారు డాక్టరుచేత లోపలిభాగమును చూపించుకొనుట తప్పనిసరి.

చికిత్స

గీత వంకరగా కనబడినచో అది ఆ వారమే చూపించుకొనవలసిన వ్యాధి. కోతలైన తరువాత, పండుగైన తరువాత అని వాయిదా వేయరాదు. కంటిలో ఆకుపసరు, నూనె, తేనె పోయరాదు. రెటీనా వైద్యులు గల ఆసుపత్రికి నేరుగా పోవుట మంచిది. విజయవాడ చెంత తాడిగడపలో ఎల్.వి. ప్రసాద్ సంస్థవారి శాఖయు, గుంటూరు చెంత పెదకాకానిలో శంకర కంటి ఆసుపత్రియు కలవు.

తడి రకమునకు నేడు మంచి చికిత్స కలదు. కొత్త రక్తనాళములు మొలవకుండ ఆపు మందును సన్నని సూదితో కంటిలోపలికి ఎక్కింతురు. కంటిలో సూది యనగానే గుండె జల్లుమనుట సహజమే. కాని ముందుగా కంటికి మత్తుచుక్కలు వేయుదురు, పని నిమిషములలో ముగియును. మొదట నెలకొకటి చొప్పునను, పిమ్మట ఎడము పెంచుచును ఇత్తురు. చాలమందిలో ఉన్న చూపు నిలుచును; కొందరిలో కొంత మెరుగగును. ఈ మందులలో రానిబిజుమాబ్ ధర హెచ్చు. బెవసిజుమాబ్ ధర చాల తక్కువ. రెండింటిని పోల్చిచూచిన అమెరికా పరీక్ష 2011లో చూపువిషయమున రెండును సమానముగా పనిచేసినవని తేల్చినది. డబ్బుకు జంకువారు ఈ సంగతిని డాక్టరుతో మొగమాటము లేక మాటాడవలెను. ఒక సూదితో బాగున్నదని తరువాతి సూదులు మానివేయుట, ఒక తడితో పైరు కోలుకొనినదని రెండవ తడి మానుటవంటిది.

పొడి రకమువలన పోయిన చూపును తిరిగి తెచ్చు మందు లేదు. ముదిరిన పొడి రకము వ్యాపించు వేగమును కొంత తగ్గించు రెండు మందులకు 2023లో అమెరికా ప్రభుత్వము అనుమతి నిచ్చినది. అవియు పోయినదానిని తెచ్చునవి కావు. అట్టివారికి భూతద్దము, మంచి దీపము, పెద్ద అక్షరముల ఫోను మిక్కిలి ఉపకరించును.

నడిచూపు పోయిన ముసలివారిలో కొందరికి లేని పూలు, లేని మనుషులు, లేని పశువులు కనబడుట కలదు. ఛార్లెస్ బోనెట్ అను స్విట్జర్లాండు పండితుడు తన తాతగారియందు దీనిని గమనించి 1760లో వ్రాసెను. ఇది పిచ్చియు కాదు, గాలిసోకుటయు కాదు. కంటినుండి వార్త రానప్పుడు మెదడు తనంతట తాను బొమ్మలు కల్పించుకొనుటచే ఇట్లగును. భూతవైద్యులను పిలువక, ముసలివారికి ధైర్యము చెప్పి, డాక్టరుకు తెలుపవలెను.

సంఘము చేయదగినది

ఎరువులకు, అప్పులకు, వాయిదాలకు మన సభ్యులందరును సంఘ కార్యాలయమునకు వచ్చుచుందురు. ఆ గోడమీద, మనిషి కంటి ఎత్తున, ఒక గళ్లకాగితమును అంటించి, క్రింద ఈ పరీక్షావిధానమును పెద్ద అక్షరములతో వ్రాయించుటకు పట్టు ఖర్చు రూపాయలలో చెప్పదగినది కాదు. తన వంతుకై కాచుకొనియున్న సభ్యుడు ఒక కన్ను మూసి, ఒక కన్ను తెరచి నిమిషముసేపు దానిని చూచినచో, ఒక కన్ను దక్కవచ్చును. మహాజన సభలలో పెద్దలకు చుట్టలు, సిగరెట్లు అందించు మర్యాద ఎచ్చటనైన నిలిచియున్నచో దానిని మానుట కూడ మంచి మర్యాదయే.

మొదట చెప్పిన పెద్దమనిషి ఆసుపత్రినుండి వచ్చిననాడే చుట్ట మానెను. రెండవకంటికి తొలిదశ చుక్కలున్నవని డాక్టరు చెప్పియుండెను. నాటినుండి ప్రతి ఆదివారమునాడు ఆయన కుడికన్ను మూసికొని తన వాకిలి చట్రమును చూచుకొనుచున్నాడు. మొన్న మిరపనాట్లనాడు నేను తాడు లాగగా గట్టుమీదనుండి అట్లే చూచి, "ఈసారి తిన్నగానే లాగావయ్యా" అనెను. తాడు ఆనాడును తిన్నగానే యుండెనని ఆయనకును తెలియును, నాకును తెలియును. సభ్యులలో ఎవరికైనను సాలు వంకరగా కనబడినచో, మొదట ఒక కన్ను మూసి చూచుకొని, వెంటనే ఆసుపత్రికి పోవలెనని మనవి.